పాలకంకి

మా అత్తమ్మ భూమవ్వకు జొన్న అంటే జొన్నే. తినే జొన్న వేరు, ఊడ్చే జొన్న వేరు అని ఆ వానాకాలమంతా ఆమెకు చెప్పి చెప్పి నా నోరు నొచ్చింది. చివరికి విసిగిపోయి నేనన్న మాట ఇప్పుడు గుర్తొస్తే నా నోటి మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

అప్పటికి నా పెనిమిటి దేవిదాస్ పోయి రెండేళ్లు. బోధన్ దగ్గర సాలూర రోడ్డు మీద మా ఊరు, ఊరి బయట పన్నెండు గుంటల చేను, ఇంట్లో మేమిద్దరం. చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లు ఆ చేనులో చెరుకు ఉండేది. అది మూతపడ్డాక ఒక ఏడు మక్క, ఒక ఏడు సోయా వేసేవాళ్లం, దేవిదాస్ పోయాక ఏమీ లేదు. నిజామాబాద్‌లో ఉండే మా అన్న ఆత్మారాం ఆ ఏడు మిరుగం తొలకరికి ముందు మా ఇంటికొచ్చి, అత్తమ్మ వింటుండగానే నాతో తెగేసి చెప్పాడు.

"నీకు ముప్పై రెండేండ్లు, సవితా. పిల్లలు లేరు, జెల్లలు లేరు. ఈ ఒక్క పంట సూస్త. ఈ చేను మీద మీ ఇద్దరు బతుకుతమంటే నేను మల్ల నోరిప్ప. లేదంటవా, దసరాకు బ్యాగు సదురుకొని రా. మంచి సంబంధం సూసిపెడ్త."

"సరే" అన్నాను. నాకు పౌరుషం ఎక్కువ, ఆలోచన తక్కువ.

అత్తమ్మ మంచం మీద కూర్చుని ఉంది. కంటి నరం ఎండిపోయిందని, ఆపరేషన్ కూడా పనికిరాదని డాక్టర్లు చెప్పి అప్పటికి ఏడాది. మనిషి వస్తే ఆకారం తెలుస్తుంది, మొహం తెలియదు. నేను వెళ్లిపోతే ఆమెకు పలకరించే దిక్కు కూడా లేదు. అయినా ఆమె "మంచి మాటే అన్నడు మీ అన్న" అంది. అన్న వెళ్లాక మాత్రం ఆ పూట అన్నం వద్దంది, కడుపు ఉబ్బరంగా ఉందని.

చీపురుజొన్న వేయమని చెప్పింది తారాబాయి. బోధన్ అంగడిలో చీపుర్లు అమ్ముతుంది. దెగ్లూర్ దిక్కు మనిషి, సగం మరాఠీ, సగం తెలుగు. ఆమె దగ్గర చీపురు కొనబోయి, పుల్ల ఎక్కడి నుంచి వస్తుందని అడిగాను. ఆమె నన్ను కింది నుంచి పైకి చూసింది.

"జమీన్ ఉన్నదా నీకు? ఏసి సూడు బాయీ. మాల్ మంచిగుంటే ఏడాదంతా నాకే కట్టియ్యి. నాకు పుల్ల కావాలె, కట్టే చేతులు కావాలె. రెండూ దొరుకుతలేవు."

గింజలు గుడ్డలో మూటగట్టి ఇచ్చింది. గింజ పడ్డాక కంకి కింద కర్రను మెడ వంచినట్టు వంచాలంది, లేకుంటే కుచ్చు వంకరపోతుందట. కోశాక ఎండ తగలనీయొద్దంది. అన్నిటికంటే ముఖ్యమైన మాటను రెండుసార్లు చెప్పింది. గింజను గోటితో నొక్కితే పాలు రావాలి. పాలు వచ్చిన రోజే కోయాలి. గింజ ముదిరితే పుల్ల పెళుసైపోతుంది, ఇక అది పొయ్యిలోకే. "దో దిన్ లేట్, సబ్ ఖరాబ్" అని వేలు ఊపింది.

ఒకేసారి కోతకొస్తే ఇద్దరాడోళ్లం అందుకోలేమని రెండు మడులు చేశాను. ఆరు గుంటలు మిరుగం వానకు, ఆరు గుంటలు ఇరవై రోజులు ఆగి వేశాను.

మొలక వచ్చిన రోజు అత్తమ్మను చేతిపట్టి తీసుకెళ్లాను. వంగి మొలకల మీద అరచెయ్యి ఆడించి, "జొన్ననే" అంది. అంతే, ఆ రోజు నుంచి ఆమెను ఇంట్లో ఉంచడం నా వల్ల కాలేదు. కలుపు తీసేటప్పుడు ఆమెకు కళ్లతో పని లేదు. ఆకు అంచు వేళ్లకు తగిలితే చాలు, జొన్నను వదిలేసి గడ్డిని పీకేది. నేను రెండు సాళ్లు తీసేలోపు తను ఒకటిన్నర తీసి, "ఏమే, గట్ల ఆగుకుంట తీస్తే దసరా ఈన్నే అయితది" అని దెప్పేది. రెండేళ్లుగా ఆ మనిషి నోట ఎకసెక్కం విని ఎరగను. నాకు సంతోషమేసింది. పైకి మాత్రం, "నువ్వు గడ్డి పీకుతున్నవా, నా పంట పీకుతున్నవా సూసుకో" అన్నాను.

కంకులు వచ్చాక కొత్త గోల మొదలైంది. పాత నూనె డబ్బా ఒకటి పట్టుకుని, గట్టు మీద కూర్చుని పిట్టలను కొట్టడం మొదలుపెట్టింది. పిట్ట కనిపించదు, రెక్కల చప్పుడు వినిపిస్తే చాలు, డబ్బా దడదడలాడేది.

"తిననియ్యి అత్తమ్మా. మనకు గింజతోని పనిలేదు. మనకు కావాల్సింది పుల్ల."

"గింజతోని పనిలేదా? గదేం మాట? గింజ గట్టిపడనీ, రొట్టెలు చేస్త సూడు."

"గట్టిపడనియ్యొద్దు! పాల మీదనే కోసుడు. తారాబాయి చెప్పింది గదా."

"గా బాయి అంగట్ల కూసుంటది. సేన్ల కూసునేది నేను" అని డబ్బా మీద ఇంకో దెబ్బ వేసింది.

వినాయక చవితి ముంగట మొదటి మడి పాల మీదికి వచ్చింది. రేపు కోద్దామన్నాను. "రేపు మంగళారం. తొలి కొడవలి పెట్టొద్దు" అంది అత్తమ్మ. పెద్దామె, సరే అనుకున్నాను. బుధవారం కాళ్లు గుంజుతున్నాయని పడుకుంది. నేనొక్కదాన్ని పోతానంటే, "నన్నొక్కదాన్ని ఇడిచిపెట్టి పోతవా?" అని చెయ్యి పట్టుకుంది. ఆ తర్వాత పొలాల అమాస ఎదురుగా ఉందంది, ఎడ్ల పండుగ దాటనీయమంది. ఇలా ఆరు రోజులు జరిగింది. ఏడో రోజు పొద్దున నేను కంకి పట్టుకుని నొక్కితే పాలు రాలేదు. గోరు నొచ్చింది.

అయినా ఏమవుతుందిలే అనుకుని కోశాను. మేకులు కొట్టిన పలక మీద కంకులను దువ్వి గింజ రాల్చాను. నీడలో ఆరబెట్టి కట్టడానికి కూర్చున్నాను. తారాబాయి కట్టేటప్పుడు కుచ్చును కాలితో అదిమిపట్టి తాడు బిగించడం చూశాను కదా, నేనూ అలాగే కాలు పెట్టాను. ఎలా తెలిసిందో ఏమో, అత్తమ్మ పాకుతూ వచ్చి నా కాలి మీద ఒక్కటిచ్చింది.

"సీపురు మీద కాలు పెడ్తవానే? లచ్చిమిని తొక్కి ఎవ్వలకమ్ముతవ్?"

"మరి ఎట్ల బిగియ్యాలె? నాకు నాలుగు చేతులున్నయా?"

"నావి రెండు లేవా? ఇటియ్యి తాడు."

నేను కుచ్చు తిప్పుతుంటే ఆమె తాడు రెండు చేతులకు చుట్టుకుని వెనక్కి వాలి గుంజేది. ముప్పై చీపుర్లు అలా కట్టాం. చూడటానికి బాగానే ఉన్నాయి, కాస్త ఎరుపెక్కాయి అంతే. ఆమె ప్రతి చీపురును తడిమి, పిడి దగ్గర బిగువు చూసి, "నీకు సెయ్యి తిరిగింది" అంది. నన్ను మెచ్చుకోవడం ఆమెకు అలవాటు లేని పని.

బోధన్‌లో తారాబాయి ఒక చీపురు తీసి నేలకేసి రెండుసార్లు కొట్టింది. పుల్లలు పటపట విరిగి దుకాణం ముందంతా పడ్డాయి. ఇంకోటి తీసింది, అదీ అంతే.

"అగ బాయీ! ఇది చెత్త ఊడ్చేదా, చెత్త పోసేదా?"

పక్క దుకాణాల వాళ్లు నవ్వారు. తారాబాయి నవ్వలేదు. "గింజ ముదిరింది. చెప్పిన గదా నీకు. ఇంకో మడి ఉన్నదంటివి, అది మంచిగ తే. అదీ గిట్లనే అయితే మల్ల నా తాన రాకు" అంది.

బస్సులో వస్తున్నంతసేపూ కోపం పెరుగుతూనే ఉంది. ఇంటికొచ్చి మూట నట్టింట్లో పడేశాను. గింజలు నిండిన చాట ఒళ్లో పెట్టుకుని అత్తమ్మ రాళ్లేరుతోంది. వేళ్లతో.

"నిజం చెప్పు. మంగళారం, కాళ్లు గుంజుడు, అమాస, అన్నీ కావాల్నని చెప్పినవ్ గదా?"

ఆమె చెయ్యి ఆగింది. అబద్ధమాడలేదు.

"పాలు తాగే కంకి మీద కొడవలి పెట్ట మనసొప్పలేదే. చిన్నప్పటిసంది ఊళ్లె జొన్న చేన్లు కోసిన. గింజ నిండకముందు ఎన్నడు కొయ్యలే. అది కడుపుల పిల్లను తీసినట్టే గదా. రెండు రోజులాగితే ఏమైతదనుకున్న."

"ఏమైతదా? నా బతుకు పోయింది! కండ్లు పోతే పోయినయ్, బుద్ధి గూడ పోయిందా నీకు?"

అనేశాను. అన్న మాట నా చెవికి నాకే వినిపించింది. ఆమె తల వంచుకుని మళ్లీ రాళ్లు ఏరుకుంది. తప్పయిందని చెప్పడానికి నా పౌరుషం ఒప్పుకోలేదు. మర్నాడు పొద్దున్నే నాలుగు చీరలు సంచిలో పెట్టుకుని నిజామాబాద్ బస్సెక్కాను. రెండో మడి అప్పటికి ఇంకా పది, పన్నెండు రోజుల్లో పాల మీదికి వస్తుంది. నాకు తెలుసు. తెలిసే వెళ్లాను. ముదిరిపోనీ, రొట్టెలు చేసుకు తిననీ అనుకున్నాను.

కోటగల్లిలో అన్న ఇల్లు. మా వదిన సుకన్య ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూనే నాకు మర్యాదలన్నీ చేసింది. వారం గడిచాక ఒక సాయంత్రం అన్న ఒకతన్ని చాయ్‌కి తీసుకొచ్చాడు. పేరు రాజారాం. బట్టలు కుడతాడు, భార్య పోయి నాలుగేళ్లయిందట. కొలతల టేపు మెడలోనే మరిచిపోయి వచ్చాడు. వదిన నవ్వు ఆపుకుంటూ దాన్ని చూపిస్తే సిగ్గుపడి తీసి జేబులో కుక్కుకున్నాడు. నాకు నచ్చాడు. అబద్ధం ఎందుకు, నచ్చాడు.

"ఏమన్న అడిగేదుంటే అడుగు" అన్నాడు అన్న నాతో.

"మా అత్తమ్మ గూడ నాతోనే ఉంటది" అన్నాను. అలా అంటానని నాకే తెలియదు. తొమ్మిది రోజులుగా ఆమెతో ఫోన్లో కూడా మాట్లాడనిదాన్ని.

వదిన పకపకా నవ్వింది. "యాడనన్న ఉన్నదా? అత్తను యెంబడి పెట్టుకొని పెండ్లికి పోతరా ఎవలన్న?"

రాజారాం నవ్వలేదు. చాయ్ కప్పు వైపు చూస్తూ, "ఆమెకు కండ్లు మసకంట గదా. మా ఇంటికి మెట్లున్నయి" అన్నాడు. అది కాదనడమో, ఔననడమో నాకు అర్థం కాలేదు. ఆలోచించుకుందామని లేచి వెళ్లాడు.

ఆ రాత్రుళ్లు నాకు చేనే కనిపించేది. ఈ రోజు పాలు వచ్చి ఉంటాయి, ఈ రోజు చిక్కబడి ఉంటాయి, ఈ రోజుతో అయిపోయింది అని లెక్కపెట్టుకున్నాను. పద్దెనిమిదో రోజుకు ఇక లెక్క పెట్టాల్సింది ఏమీ మిగల్లేదు. పంట పోయింది, అన్నకిచ్చిన మాట ప్రకారం నేను ఓడిపోయాను. బట్టలు తెచ్చుకుంటానని చెప్పి బోధన్ బస్సెక్కాను. తప్పయిందని అత్తమ్మ కాళ్లు పట్టుకోవాలి. ఆ తర్వాత ఆమెను ఏం చేయాలో, ఎవరికి అప్పగించాలో ఎంత ఆలోచించినా తోచలేదు.

బస్సు దిగి ముందు చేనుకే వెళ్లాను. చూస్తే కర్రలన్నీ మొండిగా నిలబడి ఉన్నాయి, ఒక్కదానికీ కంకి లేదు. ఎవరో దొంగతనంగా కోసుకుపోయారనుకున్నాను. తిట్టుకుంటూ, ఏడ్చుకుంటూ ఇంటికి ఉరికాను.

వాకిలి దాటగానే పచ్చి వాసన కొట్టింది. అరుగు మీద, నట్టింట్లో, మంచం మీద, మంచం కింద అంతా కంకులే. నా చీరలు, దేవిదాస్ లుంగీలు, దుప్పట్లు పరిచి వాటి మీద ఆరబోసింది. పచ్చటి పుల్లలు, ఒక్కటి కూడా ఎర్రబడలేదు. వాటి నడుమ పలక ముందేసుకుని కూర్చుని అత్తమ్మ గింజ రాలుస్తోంది. ఎడమచేతి నాలుగు వేళ్లకు గుడ్డపేలికలు చుట్టి ఉన్నాయి.

"ఎవలు కోసిన్రు?" అన్నాను.

"ఎవలు కోస్తరు? నేనే."

"నీకు కండ్లు కానొస్తయా?"

"గోరుకు కండ్లెందుకే? ఒక్కొక్కటి నొక్కి సూసిన. పాలొచ్చిందాన్ని కోసిన. నీళ్లొచ్చిందాన్ని ఇడిచిపెట్టి, మర్నాడు మల్ల పోయిన. గట్టు తడుముకుంట మోసుకొచ్చిన. ఆరు దినాలు పట్టింది."

నేను ఆమె ముందు కూలబడి ఆ చెయ్యి పట్టుకున్నాను. కొడవలి గాట్లు. కొన్ని మానాయి, కొన్ని పచ్చిగా ఉన్నాయి.

"పాలకంకి మీద కొడవలి పెట్టనంటివి గదా అత్తమ్మా."

"పెట్టిన. తప్పాయె తల్లీ, తప్పాయె తల్లీ అని ఒక్కొక్కదానికి చెప్పుకుంట కోసిన." చెయ్యి లాక్కుని మళ్లీ కంకి అందుకుంది. "పోయిన వారమే మీ అన్న ఫోన్ చేసిండు. పిల్లగాడు బుద్ధిమంతుడట గద. నువ్వు బట్టలకు వస్తవు, అడ్డం చెప్పొద్దన్నడు. నేనెందుకు అడ్డం చెప్త? కాని ఒక మడి నా చేతులతోని ఖరాబ్ చేసిన. ఇది గూడ పోతే నువ్వు ఉత్త చేతులతోని పోతవ్. ఉత్త చేతులతోని పోయినదాన్ని ఎవలన్న ఒక మాటంటరు బిడ్డా. ఇవి బండిల ఏసుకొని పో. ఆన్నే కూసొని కట్టుకో, గా బాయికి అమ్ముకో. నీ పని నీ చేతిల ఉండాలె."

నాకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే తిట్టాను. ఎవరిని అడిగి కోశావు, వేళ్లు తెగితే ఎవరు చూస్తారు, చేనులో పడి ఉంటే ఎవరు లేపేవాళ్లు అని నోటికొచ్చినట్టు అరిచాను. "బుద్ధి పోయిందా అన్నందుకు నా నోట్లె మన్ను పొయ్య" అన్నాను. "పోసుకో, నాకేం కానొస్తదా?" అంది ఆమె. ఆ కంకులతో కట్టిన చీపుర్లను తారాబాయి తర్వాత నేలకేసి ఎన్నిసార్లు కొట్టినా పుల్ల విరగలేదు. వారం వారం మాల్ తెమ్మంది. కానీ అప్పటికి ఆ సంగతి మా ఇద్దరికీ తెలియదు.

కళ్లు తుడుచుకుని అక్కడే కూర్చుని అన్నకు ఫోన్ చేశాను.

"అన్నా, పంట చేతికొచ్చింది. నేనొస్తలేను."

"రాజారాం..." అన్నాడు అన్న.

"రాజారాంకు మనసుంటే ఈడికే రమ్మను. వచ్చి, నన్ను ఇయ్యమని మా అత్తమ్మను అడగమను. ఆమె ఇస్తనంటే అప్పుడు సూద్దం."

అన్న ఏదో అనబోయాడు, పెట్టేశాను. తలెత్తి చూస్తే అత్తమ్మ చేతిలో కంకి ఆగిపోయింది.

"పోతలేవా?"

"పోతలేను."

"మరి నేనెందుకు కోసిన్నే?" ఆమె గొంతు ఇంత లేచింది. "గంత పాపం ఉత్తగనే చేసిన్నా? ఆరు గుంటలు! నువ్వు పోతున్నవనే గదనే కోసిన! ఉంటవని తెలిస్తే ఒక్క కంకి గూడ ముట్టకపోతుంటి!"

"ముట్టకుంటే మల్ల ఖరాబ్ చేస్తుంటివి."

"చేస్తుంటి! మంచిగ చేస్తుంటి! గింజలన్న మిగులుతుండె!"

పలక అవతలికి నెట్టి గోడవైపు తిరిగి కూర్చుంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పొద్దుగూకేదాకా నాతో మాట్లాడలేదు. గుడ్డ తడిపి వేళ్లకు కట్టు మార్చాను, మాట్లాడలేదు. పిండి కలిపితే మాత్రం లేచి వచ్చి, నన్ను పక్కకు జరిపి, కట్లు కట్టిన చెయ్యి వెనక్కి పెట్టుకుని కుడి చేత్తోనే రొట్టెలు తట్టింది. తినేటప్పుడు, గోడతో అన్నట్టుగా అడిగింది.

"గా బట్టలు కుట్టేటాయన రొట్టె తింటడా, అన్నం తింటడా?"

"నాకేం ఎరుక?"

"ఎరుక చేసుకోవాలె గద. ఇంటికొచ్చెటోనికి ఏదో ఒకటి పెట్టాలె" అంటూ నా కంచం అంచు తడిమి, ఇంకో రొట్టె వేసింది.